హేరాసు ఫాదరుగారును మా గోడమీది పేర్లును

ప్రతి సంవత్సరము జూను మాసమున మా పాఠశాలలో క్రొత్తగా చేరిన బాలుడెవడో యొకడు నన్నీ ప్రశ్న యడుగక మానడు: "సార్, ఆ సూదికొనల శిఖరములున్న దేవాలయము ఏ సంఘమువారిది? ఆదివారమున మేమును అచ్చటికి పోవచ్చునా?" బేగంపేట దారిని పోవువారికి ఆ కట్టడము తెలియనిది గాదు. అది దేవాలయము గాదు, మసీదు. పాయిగా ప్రభువులలో నొకరగు వికారుల్ ఉమ్రాగారు స్పెయిను దేశమునకు బోయి, కొర్దోవా నగరమునందలి ప్రాచీనమగు మసీదును జూచి ముచ్చటపడి తలపెట్టగా 1906లో ఇది పూర్తియైనది. గుమ్మటములకు బదులు మొనదేరిన శిఖరములుండుటచే క్రొత్తవారు క్రైస్తవ దేవాలయమని భ్రమపడుదురు. విచిత్రమేమనగా, కొర్దోవాలోని ఆ మసీదు 1236 మొదలు కతోలికుల దేవాలయముగా నున్నది.

నేను ఆ బాలునికి ఇంతమాత్రము చెప్పి పంపివేయుదును. కాని స్పెయిను పేరు వినినప్పుడెల్ల నాకు ఆ దేశపు గురువొకరు జ్ఞప్తికి వత్తురు. ఆయనతోకూడ, నేనొక గోడకు చేసిన అపరాధమును జ్ఞప్తికి వచ్చును. ఈ సంవత్సరపు సంచికకు వ్యాసమిమ్మని సంపాదకులు అడిగినపుడు ఈ రెంటిని గూర్చియు వ్రాయవలెనని నిశ్చయించుకొంటిని. ముందు గోడ సంగతి చెప్పెదను. అది చెప్పనిదే రెండవది చెప్పుటకు నాకు అర్హత లేదు.

నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విడిచి యేడాది యైనను కాలేదు. మెదకు ప్రాంతమున మా తల్లిగారి యూరిలో మా సంఘమువారి చిన్న దేవాలయమొకటి యుండెను. దానిని కట్టించిన దొరగారెవరో గ్రామమున నెవరికిని సరిగా తెలియదు గాని, కట్టినవారెవరో మాత్రము అందరికిని తెలియును. ఏలయనగా లోపలి తూర్పుగోడమీద, కిటికీ ప్రక్కన, రాళ్లు మోసినవారి పేర్లును సున్నము నూరినవారి పేర్లును నాలుగు వరుసలుగా నల్లరంగుతో వ్రాయబడియుండెను. ఆ కాలపు ఉపదేశిగారొకరు వ్రాసిరని పెద్దలు చెప్పుచుండిరి. అక్షరములు వంకరటింకరగా నుండెను. ఒత్తులు కొన్ని తప్పు. ఒకే పేరు రెండుచోట్ల రెండు విధములుగా నుండెను. క్రొత్తగా శిక్షణ పొందిన యుపాధ్యాయుని కంటికి అది దిద్దవలసిన పలకవలె కనబడెను.

జూబిలీ పండుగ సమీపించెను. యౌవనుల సంఘమునకు నేను కార్యదర్శిని. గోడలు మాసియున్నవి, పట్టణమునుండి అతిథులు వత్తురు, మనయూరు మర్యాద నిలుపవలెనని ప్రసంగించి చందాలు పోగుచేసితిని. సికిందరాబాదునుండి లేతనీలి నూనెరంగు డబ్బాలు తెప్పించితిమి. "ఆ పేర్లున్న భాగమును విడువరాదా?" అని పెద్దలలో నొకరు అడిగిరి. విడిచినచో అతుకువలె కనబడునని బదులు చెప్పినవాడను నేనే. ఆ భాగమునకు కుంచె పట్టినవాడను నేనే. రెండు పూతలు చాలలేదు. నల్లని యక్షరములు నీలిరంగులోనుండి తొంగిచూచుచునే యుండెను. మూడవ పూత వేసితిమి.

జూబిలీనాటి యారాధన ముగిసి అందరును భోజనముల సందడిలో బయటికి పోయిరి. నేను లోపల బల్లలు సర్దించుచుండగా ఒక ముసలమ్మ వచ్చి, తూర్పుగోడ దగ్గర నిలిచి, అరచేతితో గోడను తడుముచుండెను. ఆమెకు చదువు రాదు. పేరును చదివి గుర్తించుట గాదు. కిటికీకి జానెడు దూరమున, మూడవ వరుస, అని చోటునుబట్టి గుర్తు. నన్ను జూచి, "గీడ మా తాత పేరు ఉండె గద బిడ్డా, ఏడ పెట్టిన్రు?" అని యడిగెను.

"రంగు కింద ఉన్నదవ్వా" అంటిని.

"మల్ల తియ్యరాదా?" అనెను.

నేను నవ్వి యూరకుంటిని. ఆ నవ్వును తలచుకొన్నచో నాకు నేటికిని తల వంగిపోవును. ఆమె కోపపడలేదు. ఇంకొకమారు గోడను తడిమి భోజనమునకు పోయెను.

సున్నపు గోడకు ఊపిరి యుండునని నాకప్పుడు తెలియదు. గానుగలో నూరిన సున్నపు పూత నేలయందలి చెమ్మను పీల్చుకొని ఎండలు కాయునప్పుడు మరల వదలుచుండును. దానిమీద నూనెరంగు వేసినచో చెమ్మ పోవు త్రోవ మూతపడును. చెమ్మతోకూడ గోడలోనుండి వచ్చు ఉప్పు రంగుక్రింద పేరుకొని, పూతను పొక్కించి, తుదకు సున్నముతోసహా ఊడదీయును. సిమెంటు మెత్తినను ఇంతే. ఈ సంగతి మన ముసలి తాపీమేస్త్రీలకు తెలిసినంతగా పట్టభద్రులకు తెలియదు. మూడు వానకాలములు గడచునప్పటికి మా నీలిగోడ పెచ్చులు పెచ్చులుగా రాలెను. నేను విని పోవునప్పటికి రాలినదానిని చీపురుతో నూడ్చి వెలుపలి గుంతలో పోసియుండిరి. గోడకు సిమెంటు మెత్తుచుండిరి. పేర్లు రంగు క్రిందనే యున్నవని నేను చెప్పిన మాటయు ఆ గుంతలోనికే పోయెను.

ఇక హేరాసు ఫాదరుగారి సంగతి. నేను కతోలికుడను గాను. ఆయన పేరు నాకు భక్తిగ్రంథములవలన తెలియలేదు; తరగతిలో ఒక బాలిక యడిగిన ప్రశ్నవలన తెలిసినది. విజయనగర రాజ్యపు పాఠము చెప్పుచుంటిని. 1565లో రాక్షస తంగడి యుద్ధము జరిగెను, రామరాయలు హతుడయ్యెను, నగరము పాడువడెను. మా పాఠ్యపుస్తకము అక్కడితో ఆగిపోవును. ఆ బాలిక లేచి, "తరువాత వాళ్లేమయ్యారు సార్?" అని యడిగెను. రేపు చెప్పెదనంటిని. తెలియనప్పుడు మేమందరమును చెప్పు మాట యిదే.

ఆ శనివారము అఫ్జల్‌గంజిలోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమునకు పోతిని. 1891లో ఆసఫియా గ్రంథాలయమను పేర వెలసినది ఇదియే. అచ్చట ఒక లావుపాటి ఆంగ్లగ్రంథము దొరకెను: విజయనగరపు ఆరవీటి వంశమును గూర్చినది, 1927లో మద్రాసున ప్రకటింపబడినది. గ్రంథకర్త యేసుసభకు చెందిన హెన్రీ హేరాస్ అను గురువు. పరదేశపు గురువు మన ఆరవీటి రాజులను గూర్చి ఇంత గ్రంథము వ్రాసెనా యని ఆశ్చర్యపడి, సాయంకాలము దీపములు వెలిగించువరకు లేవలేదు.

ఆయన 1888లో స్పెయిను దేశపు బార్సెలోనా నగరమున జన్మించెను. 1922లో బొంబాయి చేరి సెయింట్ జేవియర్సు కళాశాలలో చరిత్రోపాధ్యాయుడయ్యెను. ఏ దేశపు చరిత్ర బోధింతువని పెద్దలడుగగా హిందూదేశ చరిత్రమనెననియు, దానిని గూర్చి నీకేమి తెలియునని మరల నడుగగా ఏమియు తెలియదు, నేర్చుకొందుననెననియు ఒక కథ చెప్పుకొందురు. ఈ కథ నాకు మిక్కిలి ప్రియము. రేపు చెప్పెదనని తప్పించుకొనువారికి ఇది మంచి మందు. నేర్చుకొందునన్నమాట ఆయన చెల్లించుకొనెను. 1926లో అదే కళాశాలలో చరిత్ర పరిశోధనాలయమును స్థాపించి, తన శిష్యులచేత శాసనములు చదివించుచు, గ్రంథములు, నాణెములు, విగ్రహములు, పాత చిత్రములు సేకరించెను. 1955 డిసెంబరు 14వ తేదీన బొంబాయిలోనే మృతినొందెను. ఆ పరిశోధనాలయమునకు ఇప్పుడాయన పేరే పెట్టియున్నారు. 1981లో మన తపాలాశాఖవారు ఆయన చిత్రముతో బిళ్ల వెలువరించిరి. సింధులోయ ముద్రికలమీది లిపి ద్రావిడభాష దేయని ఆయన చాలకాలము పాటుపడి వ్రాసెను. ఆ చదువును పండితులందరును అంగీకరింపలేదు. ఎంత గొప్పవారికైనను పట్టుదల హెచ్చినచోట తొట్రుపాటుండును.

నన్ను పట్టినది ఆ గ్రంథము అడుగున సన్నని యక్షరములతో నుండు సూచికలు. పెనుగొండలోను, చంద్రగిరిలోను, పిమ్మట రాయవేలూరిలోను ఏలిన తెలుగు రాజుల కథను ఆయన ఒక్కచోటనుండి యెత్తి వ్రాయలేదు. విలాపాక తామ్రశాసనమొక ప్రక్క, మన రామరాజీయమొక ప్రక్క, చంద్రగిరినుండి యేసుసభవారు రోముకు వ్రాసిన లేఖలొక ప్రక్క పెట్టుకొని సరిచూచెను. పోర్చుగీసువారు మన రాజుల పేర్లను గుర్తింపరాని రీతిగా వ్రాసియుండిరి. హేరాసుగారు ఆ వికృతరూపమును దిద్ది దాచివేయలేదు. ఉన్నది ఉన్నట్లు చూపి, ఇది ఫలానివాని పేరైయుండునని ప్రక్కన వ్రాసెను. అది చదువుచుండగా మా తూర్పుగోడ నా కన్నులయెదుట నిలిచెను. రెండు విధములుగా వ్రాయబడిన ఆ యొక్క పేరు! ఒకవేళ వారు ఇద్దరు మనుష్యులేమో. తండ్రీకొడుకులేమో. తప్పని తలచి నేను మూడు పూతలు పూసితిని.

రెండవ వేంకటపతిరాయలు (1586 నుండి 1614 వరకు ఏలినవాడు) చంద్రగిరిలో నుండగా 1598లో యేసుసభవారు ఆయన కొలువునకు వచ్చిరి. దేవాలయము కట్టుకొనుటకు రాయలు అనుమతించెను. ఆయన వైష్ణవుడు, తన తిరుమల వేంకటేశ్వరునియందలి భక్తిని ఇసుమంతయు సడలింపలేదు. అయినను చిత్తరువులన్న ఆయనకు ప్రీతి యెక్కువ. యేసుసభకు చెందిన చిత్రకారులు ఆస్థానమున నుండి ప్రభువు చరిత్రమును పటములుగా వ్రాసి చూపుచుండిరి. వారిలో ఇటలీ దేశస్థుడగు ఫొంతెబోనా యొకడు. చంద్రగిరి కోటలో రాజమహలు నేటికిని నిలిచియున్నది. పురావస్తుశాఖవారు దానిని ప్రదర్శనశాలగా నుంచిరి. మన బాలురు తిరుపతి యాత్రకు పోయినపుడు దానిని బస్సు కిటికీలోనుండి చూచి వచ్చెదరు. దిగి చూడవలెనని నా మనవి.

పాతవి కూర్చుటతో హేరాసుగారు తృప్తిపడలేదు. క్రీస్తుమతము ఈ దేశమునకు పరదేశపు దుస్తులతోనే నిలిచియుండనక్కరలేదని ఆయన మతము. గోవాకు చెందిన ఆంజెలో ద ఫొన్సెకా (1902-1967) శాంతినికేతనమున అవనీంద్రనాథ ఠాకూరు, నందలాల్ బోసుల చెంత చిత్రకళ నేర్చి, మరియమ్మకు చీర కట్టించి, మన నేలరంగు మేనితో చిత్రింపగా స్వస్థలమున కొందరు ఈసడించిరి. ఆయనకు ఆశ్రయమిచ్చినది పూనాలోని ఆంగ్లికను ఆశ్రమము. ప్రోత్సాహమిచ్చి వెన్నుతట్టినది ఈ యేసుసభ గురువు. ఒక కతోలిక చిత్రకారుని నిలబెట్టుటకు రెండు సంఘములవారు కావలసివచ్చిరి. కతోలికుల పుస్తకములు నీకెందుకని నన్ను పరిహసించు మా బంధువులకు నేను ఈ కథనే చెప్పుచుందును.

హేరాసుగారు ప్రధానముగా చరిత్రకారుడు. దేవాలయపు గోడలను, నేలను గూర్చి పాటుపడిన గురువెవరని అడిగినచో ఇటలీకి చెందిన చెల్సో కొస్తాంతీనీగారిని చెప్పవలెను. ఆయన 1876లో పుట్టెను. తండ్రి ఇండ్లు కట్టించు మేస్త్రీ. తానును చిన్నతనమున తాపీపని చేసెను. గురువైన పిమ్మట శిల్పములు చెక్కెను. 1907లో గురువులకై కళను గూర్చిన పాఠ్యగ్రంథమొకటి ప్రకటించెను. దేవాలయము చేతిలోనున్నవానికి దాని విలువ తెలియకున్న మొదటి శత్రువు వాడేయగునని ఆయనకు తెలిసియుండును. 1915లో యుద్ధము మధ్యను అక్విలేయా అను ప్రాచీన పట్టణపు విచారణ ఆయనకు అప్పగింపబడెను. అచ్చటి దేవాలయపు నేలక్రింద నాలుగవ శతాబ్దపు రంగురాళ్ల నేల యొకటి 1909లో బయటపడియుండెను. యోనా కథ, సముద్రము, చేపలు, వాని నడుమ ఆ కాలపు బిషప్పు థియొడోరు పేరు, అన్నియు చిన్నచిన్న రాళ్లతో పొదిగినవి. పదునొకండవ శతాబ్దమున ఎవరో దానిమీద మరియొక నేలను పరచిరి. క్రిందిది చెడలేదు, తొమ్మిది వందల యేండ్లు చీకటిలో భద్రముగా నుండెను. ఫిరంగుల మ్రోతలో ఆ దేవాలయమును కాచినవారిలో కొస్తాంతీనీగారొకరు. పిమ్మట చీనాదేశమునకు పాపుగారి ప్రతినిధిగా పోయి అచ్చటి క్రైస్తవ చిత్రకారులకు హేరాసుగారివలెనే అండగా నిలిచి, కార్డినలై, 1958లో మరణించెను.

ఆ థియొడోరు పేరు సంగతి మొదట చదివిననాడు నాకు కొంచెము ఈర్ష్య కలిగెను. కప్పినవారందరును చెరిపినవారు గారు. వారు రాళ్లతో కప్పిరి, నేను నూనెరంగుతో కప్పితిని. అంతే భేదము, అదియే చాలును.

ఇప్పుడు నేను ఏటేట తొమ్మిదవ తరగతివారిని జంటనగరములలోని పాత దేవాలయములకు తీసికొనిపోవుచున్నాను. సికిందరాబాదున 1813 నాటి సెయింట్ జాన్సు దేవాలయము. ఐర్లండు గురువు డేనియల్ మర్ఫీగారు కట్టించగా 1850లో పూర్తియైన సెయింట్ మేరీసు దేవాలయము. ఈ వైపున గన్‌ఫౌండ్రీలో 1870లో పునాది వేసి 1875 క్రిస్మసునాడు తెరచిన సెయింట్ జోసెఫ్సు దేవాలయము. మర్ఫీగారు తరువాత ఆస్ట్రేలియా దక్షిణమున హోబర్టు నగరమునకు బిషప్పుగా పోయి, పిమ్మట అచ్చటనే ఆర్చిబిషప్పైరని చెప్పగా బాలురు పటములో ఆ యూరును వెదకుదురు. ఒక యేడు మెదకు కూడ పోతిమి. 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడిన ఆ మహాదేవాలయపు రంగుటద్దముల కిటికీలను అందరును తలలెత్తి చూచిరి. కరువు దినములలో అన్నమునకై ఆ రాళ్లు మోసినవారు ఎందరో. వారి పేర్లు ఎచ్చట నున్నవని నాతో వచ్చిన బాలికయే యడిగెను. నేను అడుగమని చెప్పలేదు.

అచ్చట పిల్లలు చేయవలసినది ఒక్కటే. గోడమీదను, బల్లలమీదను, గంటమీదను, సమాధులమీదను ఉన్న ప్రతి యక్షరమును ఉన్నదున్నట్లు పుస్తకమున దింపుకొనవలెను. తప్పున్నచో తప్పుతోనే. చేతిఫోనుతో పటము తీసినచో చాలదా యని వారందురు. పటమును తీయుడు, చేతితోను వ్రాయుడు. చేయి వ్రాయునప్పుడే కన్ను చూచును అని నేనందును. మొదటి గంటసేపు గొణుగుదురు. పిమ్మట పోటీపడుదురు. శిశువుల సమాధులయొద్ద మాత్రము అందరును నిశ్శబ్దులగుదురు.

గడచిన వేసవిలో మా సంఘమున, మేము ఆరాధించు మందిరపు పాత టేకుబల్లలను అమ్మి కుర్చీలు కొనవలెనని ప్రతిపాదన వచ్చెను. కుర్చీలు కొనుటకు కారణములు లేకపోలేదు: వృద్ధులకు నడుము నొప్పి, బల్లలు తరలించుట కష్టము. నేను వ్యతిరేకింపలేదు, మూడు నెలల గడువు మాత్రము అడిగితిని. పెద్దలలో ఒకరిద్దరు ముఖము చిట్లించిరి గాని ఇచ్చిరి. మా పిల్లలు బల్లల పొడవు వెడల్పులు కొలిచి, వాని వెనుకప్రక్క ఏ తరములోనో తుంటరి బాలురు చాకుతో చెక్కిన పొడి యక్షరములనుగూడ దింపిరి. ఆ పట్టికను చూచి ఒక పెద్దమనిషి కండ్లజోడు సవరించుకొని, అందులో నొకటి తానే చెక్కినదని మెల్లగా ఒప్పుకొనిరి. తీర్మానము వచ్చేనెలలో జరుగును. ఆయన యే ప్రక్క చేయి యెత్తుదురో నాకు తెలియదు.

మా తల్లిగారి యూరికి మరల మరల పోవుచున్నాను. ఆ ముసలమ్మ ఎన్నడో ప్రభువునందు నిద్రించినది. నేను ఆమెను క్షమాపణ యడిగినది లేదు. ఆమె మనుమడు ట్రాక్టరు తోలుచున్నాడు. ముత్తాత తాతగారి పేరు వానికి తెలియునా యని సందేహించుచునే యడుగగా, ఇంటిలో దీపావళికన్న క్రిస్మసుకన్న ఎక్కువమారులు వినిన పేరని చెప్పి వెంటనే చెప్పెను. గోడమీద అరువది పేర్లుండెనని పెద్దలందురు. ఇంటింట అడిగి ఇంతవరకు ఇరువదిమూడు సంపాదించితిని. రెండు విధములుగా నున్న ఆ పేరు ఎవరిదో ఇంకను తేలలేదు.

పెద్దకాగితముమీద గోడ యాకారము గీసి, కిటికీ గుర్తు పెట్టి, నాలుగు వరుసలు విభజించితిని. దొరకిన పేర్లు ఏ వరుసలో ఎచ్చట నుండెనో ఎవ్వరును చెప్పజాలకున్నారు; వానిని అంచున వ్రాసియుంచితిని. ఒక్క పేరు చోటు మాత్రము నాకు తెలియును. కిటికీకి జానెడు దూరమున, మూడవ వరుసలో దానిని వ్రాసి, చుట్టును ఖాళీ విడిచియున్నాను.